నడుము లోతు సముద్రం

మొదటి రోజు: పాంబన్

చెన్నైలో రాత్రి ఎక్కిన రైలు తెల్లారేసరికి రామనాథపురం దాటింది. పాతవాళ్లు ఈ రైలును ఇప్పటికీ బోట్ మెయిల్ అనే అంటారు. 1964 దాకా ఇది ధనుష్కోడి వరకూ వెళ్లేది. అక్కడ దిగి స్టీమరు ఎక్కితే తలైమన్నార్, అక్కడ మళ్లీ రైలెక్కితే కొలంబో.

మండపం స్టేషన్ దాటగానే బోగీ అంతా మేలుకుంది. నిద్రపోతున్న పిల్లల్ని లేపి కిటికీల దగ్గర కూర్చోబెడుతున్నారు. రైలు బాగా నెమ్మదించింది. చూస్తూ చూస్తూ ఉండగానే కింద నేల పోయి నీళ్లొచ్చాయి. ఎడమవైపు పాక్ అఖాతం, కుడివైపు మన్నార్ సింధుశాఖ. ఎవరో వెనక నుంచి "రామ రామ" అంటున్నారు.

నేను స్కూల్లో సోషల్ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా పిల్లల చేత భారతదేశ పటం గీయిస్తున్నాను. తూర్పు తీరం గీసుకుంటూ కిందికి వస్తే ఒకచోట పెన్సిల్ ముల్లులా బయటికి పొడుచుకొస్తుంది. అది రామేశ్వరం. దానికి పైన పాక్ అని, కింద మన్నార్ అని రాయించి కన్యాకుమారికి వెళ్లిపోతాం. ఆ కింద పూసే నీలం రంగులో 21 దీవులున్నాయి. వాటి పేర్లు నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఈసారి ఆ పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుని బయల్దేరాను. దూరం నుంచైనా సరే, కంటితో చూసిన ప్రతి దీవికీ పక్కన ఒక టిక్కు పెట్టుకోవాలని. మా అక్క కొడుకు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు, తమిళం ధారాళంగా మాట్లాడతాడు. వాడు తోడు వస్తాననేసరికి నాకు ధైర్యం వచ్చింది.

మేం దాటిన వంతెన కొత్తది. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. ఓడ వస్తే మధ్యలో 72.5 మీటర్ల ముక్క అలాగే నిలువుగా 17 మీటర్లు పైకి లేస్తుంది. పాత వంతెన 1914 నాటిది. దాని రెండు రెక్కలు తలుపుల్లా చెరో పక్కకీ లేచేవి. 1964 డిసెంబరు తుపానుకు పాత వంతెన ధ్వంసమైతే, ఇ. శ్రీధరన్ నాయకత్వంలో 46 రోజుల్లో మళ్లీ నిలబెట్టారు.

సాయంత్రం రోడ్డు వంతెన మీద నిలబడి కిందికి చూశాం. అంత ఎత్తు నుంచి కూడా అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి! నీరు ఒకచోట పచ్చగా, ఒకచోట తేనె రంగులో, రాళ్లున్నచోట నల్లగా ఉంది. మా వైపు సముద్రం దగ్గర ఇరవై అడుగులు లోపలికి వెళితే కాళ్లు కనిపించవు. ఇక్కడ పడవ నీడ కూడా అడుగున పాకుతూ వెళ్లడం చూశాను.

"మావయ్యా, ఇది సముద్రమా, చెరువా?" అన్నాడు మావాడు.

వాడి ప్రశ్న సరైనదే. పాక్ అఖాతం చాలాచోట్ల పది మీటర్లు కూడా లోతుండదు. దాని నడిమధ్యలో ఒక తాటిచెట్టును నిలబెడితే తల పైకి కనిపిస్తుంది. ఇరవై వేల ఏళ్ల కిందట, భూమ్మీద నీళ్లు చాలా భాగం మంచుగా గడ్డకట్టి ఉన్న కాలంలో, సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. అప్పుడు ఇక్కడంతా పొడి నేలే. రామేశ్వరం నుంచి జాఫ్నా దాకా జంతువులు నడిచి వెళ్లాయి. మంచు కరిగాక నీళ్లు ఎక్కి ఆ మైదానాన్ని కప్పేశాయి. మేం చూస్తున్నది మునిగిన మైదానం.

మన్నార్ వైపు కథ వేరు. తీరం దగ్గర ఇది కూడా లోతు తక్కువ సముద్రమే. కొంతదూరం మెల్లగా లోతవుతూ పోతుంది, తర్వాత ఒక్కసారిగా దిగిపోతుంది. దక్షిణాన వెయ్యి మీటర్లు దాటుతుంది. దీవులన్నీ ఈ తీరం వైపు అరుగు మీదే ఉన్నాయి.

రెండో రోజు: ధనుష్కోడి

ధనుష్కోడి నేల చివరి కొస అరిచల్ మునై. అక్కడి దాకా ఇప్పుడు తారురోడ్డు ఉంది. 2017 దాకా ఇసుకలో జీపుల్లోనే వెళ్లేవారట. రోడ్డుకు రెండు పక్కలా సముద్రమే. మధ్యలో నేల కొన్నిచోట్ల మా స్కూలు గ్రౌండంత వెడల్పు కూడా లేదు.

ఆటో అన్న దారిలో ఒక మాట చెప్పాడు. ఇక్కడి జాలర్లు పాక్ అఖాతాన్ని ఆడ సముద్రం అంటారు, మన్నార్ వైపును మగ సముద్రం అంటారు. ఉత్తరం వైపుది నెమ్మది, దక్షిణం వైపుది పొగరు. కానీ మేం వెళ్లిన ఫిబ్రవరిలో చూస్తే తలకిందులుగా ఉంది. ఎడమవైపు ఆడ సముద్రం చిన్న చిన్న అలలతో చికాకుగా కొట్టుకుంటోంది. కుడివైపు మగ సముద్రం నూనె పోసినట్టు నిశ్చలంగా ఉంది. అదేమిటని అడిగితే అన్న నవ్వి గాలి వైపు చెయ్యి చూపించాడు.

ఇది "వాడై" కాలం. అంటే ఉత్తరపు గాలి. అది పాక్ వైపు నీళ్లను రేపుతుంది, ఈ సన్నటి నేల అడ్డుగా ఉండటంతో మన్నార్ వైపు చేరదు. జూన్ వచ్చి నైరుతి మొదలైతే "కచ్చాన్" గాలి వీస్తుంది. అప్పుడు మన్నార్ లేచి కొడుతుంది, పాక్ పడుకుంటుంది. అందుకే ఇక్కడి జాలర్లలో చాలామంది గాలి మారినప్పుడల్లా పడవల్ని ఈ తీరం నుంచి ఆ తీరానికి మార్చుకుంటారు. రుతుపవనాల పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బోర్డు మీద రెండు బాణాలు గీసేవాణ్ణి. ఆ రెండు బాణాల మధ్య నిలబడి, ఒక చెంపకు గాలి కొడుతుంటే రెండో చెంప వెచ్చగా ఉండటం ఈ రోజే తెలిసింది.

రోడ్డు చివర అశోక స్తంభం. దాని తర్వాత ఇసుక నాలుక. ఆ నాలుక చివర రెండు నీళ్లూ కలుస్తాయి. ఒకవైపు నుంచి వచ్చిన అల, ఇంకోవైపు నుంచి వచ్చిన అల ఎదురెదురుగా వచ్చి, సన్నటి గోడలా లేచి, అలాగే కూలుతున్నాయి. దాని అవతల ఇసుక తిన్నెలు ఒకటొకటిగా శ్రీలంకలోని మన్నార్ దీవి వైపు సాగుతాయి. అదే మన రామసేతువు.

ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ శాస్త్రవేత్తలు 2024లో దీని పటం వేశారు. నాసా ఉపగ్రహం నీళ్లలోకి పంపిన లేజర్ కిరణాల్లో అడుగు తగిలి తిరిగొచ్చిన కాంతిని లెక్కగట్టి 29 కిలోమీటర్ల పొడవునా కొలిచారు. అందులో 99.98 శాతం లోతు తక్కువ నీళ్ల కిందే ఉందని తేలింది. నీరు ఇంత పల్చగా లేకపోతే ఆ లేజర్ అడుగు దాకా వెళ్లేదే కాదు. పెద్ద ఓడలు ఈ దారిన పోలేక శ్రీలంక చుట్టూ తిరిగి వెళ్తాయి. ఇక్కడ ఇసుక తవ్వి కాలువ వెయ్యాలని 2005లో సేతుసముద్రం పనులు మొదలుపెట్టారు, 2007లో సుప్రీంకోర్టు ఆపింది. తవ్వినా ఆ కాలువ ఎంతకాలం కాలువగా నిలుస్తుందో నాకు అనుమానమే. రెండు గాలులూ వంతులవారీగా ఇసుకను అటూ ఇటూ తోస్తూనే ఉంటాయి. నిరుడు చూసిన తిన్నె ఈ ఏడు అదే చోట ఉండదని అన్న చెప్పాడు.

తిరిగి వస్తూ పాత ఊరి దగ్గర ఆగాం. చర్చి గోడలు, రైల్వే నీళ్ల ట్యాంకు, స్టేషన్ మొండి కమానులు. 1964 డిసెంబరు 22 రాత్రి ఉప్పెన వచ్చింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు వందమందికి పైగా జనంతో నీళ్లలో కలిసిపోయింది. దివిసీమ ఉప్పెన గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లం మేం. ఆ గోడల దగ్గర ఎక్కువ మాటలు రాలేదు. చర్చి గోడను చేత్తో తడిమి చూశాను. అది ఇటుక కాదు, పగడపు రాయి. అరచెయ్యంత రాయిలో తేనెపట్టు గదుల్లా వందల నక్షత్రాలు. ఒక్కొక్క నక్షత్రం ఒకప్పుడు ఒక ప్రాణి కూర్చున్న గది.

ఆ శిథిలాల వెనక తాటాకు పాకల్లో కొన్ని జాలరి కుటుంబాలు ఉంటున్నాయి. ఒక అమ్మ ఇసుకలో మోకాలి లోతు గుంట తీసి, ఊరిన నీళ్లను కొబ్బరి చిప్పతో బిందెలో పోసుకుంటోంది. సముద్రానికి యాభై అడుగుల దూరం కూడా లేదు. మాకూ ఇచ్చింది, తాగాం. తియ్యగా ఉన్నాయి! వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పల్చటి పొరగా తేలుతూ ఉంటుంది. కొంచెం ఎక్కువ లోతు తవ్వినా ఉప్పు తగులుతుంది. ఎంత లోతులో ఆపాలో ఆ అమ్మ చేతికి తెలుసు.

మూడో రోజు: చిన్నపాలెం, కుందుకాల్

పాంబన్ దీవికి దక్షిణం వైపు చిన్నపాలెం. తెల్లారి ఆరింటికల్లా ఒడ్డున ఆడవాళ్లు పడవలెక్కడానికి సిద్ధంగా ఉన్నారు. చీర మీద మగవాళ్ల చొక్కా, కళ్లకు నీళ్లద్దాలు, వేళ్లకు గుడ్డ పేలికలు చుట్టుకున్నారు. వీళ్లు సముద్రపు నాచు కోసం మునుగుతారు. ఊపిరి బిగబట్టి కిందికి వెళ్లి, రాళ్ల మీద పెరిగిన నాచును వేళ్లతో పెరికి, నడుముకు కట్టిన సంచిలో వేసుకుని పైకి వస్తారు.

వాళ్లు మధ్యాహ్నం తిరిగి వచ్చేదాకా ఆగాం. ఒక అక్క తన సంచి మా ముందు కుమ్మరించి ఒక్కొక్కటీ చూపించింది. బిరుసుగా, ముదురు ఎరుపులో, కుచ్చులా ఉన్నది "మరిక్కొళుందు". మనం దవనం అంటామే, అదే పేరు. చూడ్డానికి దవనం రెబ్బలాగే ఉంది. దీని నుంచి అగర్ అనే జిగురు తీస్తారు. మెత్తగా జారిపోయేది "కంజిపాసి". పొడుగ్గా, గోధుమ రంగులో, చిన్న చిన్న గాలి బుడగలతో ఉన్నది "కట్టకోరై". ఐస్‌క్రీముల్లో, మందుల్లో, బట్టల రంగుల్లో వాడే జిగురు ఇలాంటి వాటి నుంచే వస్తుంది. అక్క చేతి వేళ్ల చివర్లు పేలికల కింద తెల్లగా నానిపోయి, పగడం గీసిన గాట్లతో ఉన్నాయి.

"రోజూ వెళ్తారా అక్కా?" అని మావాడి చేత అడిగించాను.

"లేదు. నెలకు పన్నెండు రోజులే. మిగతా రోజులు దాన్ని పెరగనివ్వాలి" అంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో పూర్తిగా ఆపేస్తారట. ఈ నియమం వాళ్లంతట వాళ్లు పెట్టుకున్నదే. చిరాకంతా దీవుల విషయంలోనే. 1986లో 21 దీవులనూ వాటి చుట్టూ ఉన్న నీళ్లనూ జాతీయ పార్కుగా ప్రకటించారు. అమ్మమ్మల కాలం నుంచి మునుగుతున్న చోట్లే ఒక్క రోజులో నిషేధ ప్రాంతమయ్యాయి. "మా తాతలు పేర్లు పెట్టిన దీవులు. ఇప్పుడు మమ్మల్నే దొంగల్లా చూస్తారు" అంది. ఆ మాట అంటున్నప్పుడు గొంతు పెంచలేదు, నాచులోంచి చిన్న చిన్న పీతల్ని ఏరి నీళ్లలోకి విసురుతూ అంది.

పార్కు అవసరం లేదని నేను అనను. కానీ నాచును గోరుతో గిల్లి, వేరు వదిలేసి, నెలలో పద్దెనిమిది రోజులు ఆగే మనిషిని ఆ పార్కు కాపలాలో భాగం చేసుకోవాలి గానీ బయట నిలబెట్టకూడదు. అసలు నష్టం వేరే దారిలో వచ్చింది. పాక్ వైపు వెదురు తెప్పలకు కట్టి కప్పాఫైకస్ అనే విదేశీ నాచును సాగు చెయ్యడం మొదలుపెట్టారు. 2008లో కురుసడై దీవి దగ్గర అదే నాచు బతికున్న పగడాలను దుప్పటిలా కప్పేస్తున్నట్టు పరిశోధకులు రాశారు. వెలుతురు అందకపోతే పగడం చచ్చిపోతుంది.

సాయంత్రం కుందుకాల్ ఒడ్డున నిలబడితే ఎదురుగా కురుసడై. పచ్చటి గీత, దాని కింద తెల్లటి గీత, అంతే. ఎత్తు ఎక్కడా లేదు. దాని పక్కన పుల్లివాసల్, ఆ పక్కన పూమరిచ్చాన్, ఇటు చివర షింగిల్ దీవి. నాలుగు టిక్కులు పెట్టాను. కురుసడైని ఒకప్పుడు జంతుశాస్త్రం విద్యార్థుల స్వర్గం అనేవారు. మద్రాసు ప్రభుత్వం ఇక్కడ పరిశోధనా కేంద్రం నడిపింది. ఇంటర్‌లో బాలనోగ్లాసస్ బొమ్మ గీసిన ప్రతివారికీ ఈ దీవితో తెలియకుండానే పరిచయం ఉంది. వెన్నెముక ఉన్న జీవులకూ లేనివాటికీ మధ్య మెట్టుగా చెప్పుకునే ఆ మెత్తటి పురుగు ఇక్కడి ఇసుకలోనే దొరికేది.

నాలుగో రోజు: మండపం

గాలి ఎక్కువగా ఉండటంతో ఈ రోజు పడవ దొరకలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ మ్యూజియం చూశాం. 1971లో కొచ్చికి మారకముందు ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది.

మ్యూజియంలో నన్ను పట్టేసింది ఆవుళియా. సముద్రపు ఆవు. చేప కాదు, పిల్లకు పాలిచ్చే జంతువు. ఏనుగుకు దూరపు చుట్టం. నీటి అడుగున మొలిచే గడ్డి మేసి బతుకుతుంది. ఆ గడ్డి నాచు కాదు, వేళ్లు, ఆకులు, పువ్వులు అన్నీ ఉన్న మొక్క. వెలుతురు అందితేనే బతుకుతుంది, అందుకే ఈ లోతు తక్కువ నీళ్లలో బీళ్లకు బీళ్లు పరుచుకుంది. పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను 2022లో సముద్రపు ఆవుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దేశంలో వాటికోసం ఇదే మొదటిది. మరపడవలు అడుగును గీరుతూ వల లాగితే ముందు పోయేది ఆ గడ్డే.

జెట్టీ దగ్గర ఒక కుర్రాడు మనోలి, మనోలిపుట్టి, ముసల్ చూపించాడు. ముసల్ అంటే కుందేలు. 129 హెక్టార్లతో అన్నిటికంటే పెద్దది. మొత్తం దీవులన్నీ ఒకచోట పోగేసినా దాదాపు పదిహేను వందల ఎకరాలే. మా ఊరి ఆయకట్టు అంతకంటే పెద్దది.

అయిదో రోజు: ఎర్వాడి

ఈ రోజు కోసమే వచ్చానని చెప్పాలి.

ఎర్వాడి దర్గాకు వచ్చే జనాన్ని దాటుకుని సముద్రం ఒడ్డుకు వెళితే అటవీ శాఖవారి పడవ ఉంది. అడుగున గాజు పలక బిగించిన పడవ. లైఫ్ జాకెట్లు వేసుకుని ఆరుగురం ఎక్కాం. దీవుల మీద దిగడానికి వీల్లేదు, దూరం నుంచి చూడటమే. పడవ నడిపే అన్న కొంతదూరం మోటారు మీద పోనిచ్చి ఆపేశాడు. వెదురు గడ తీసుకుని తొయ్యడం మొదలుపెట్టాడు. సముద్రంలో గడ వేసి పడవ నడపడం నేను ఎప్పుడూ చూడలేదు. గడ సగం కూడా మునగలేదు.

ముందు గాజు కింద గడ్డి వచ్చింది. రిబ్బను లాంటి ఆకులు, అన్నీ ఒకే వైపుకు వాలి, అల వెనక్కి పోగానే అన్నీ కలిసి ఇటువైపు వాలాయి, వరిచేలో గాలి పోయినట్టు. తర్వాత తెల్లటి ఇసుక. దాని మీద వెలుగు వలలా కదులుతోంది. తర్వాత ఒక్కసారిగా పగడాలు.

గాజు మీద ఆవిరి పట్టింది. అన్న తలగుడ్డ తీసి తుడిచాడు. ఇంకా కిందికి వంగి చూశాను. ముందు కనిపించింది గుమ్మడికాయంత బండ. గోధుమ రంగు, నున్నగా. దాని పక్కన జింక కొమ్ముల్లా చీలిన పగడం. కొమ్మల మొదళ్లు గోధుమ రంగులో, కొసలు మాత్రం లేత నీలంలో. ఆ కొసే పెరిగే చోటు. కొమ్మల మధ్య వేలెడంత నీలం చేపలు ఒక గుంపుగా బయటికి వచ్చి, పడవ నీడ పడగానే అన్నీ ఒకేసారి లోపలికి దూరాయి. ఒక చిలక చేప బండను కొరుకుతోంది. కొరికిన చోట రెండు పళ్ల గాట్లు తెల్లగా పడ్డాయి. అది రాయిని నమిలి, నాచు తిని, మిగిలిన పొడిని బయటికి వదులుతుంది. మేం ఇందాక చూసిన తెల్ల ఇసుకలో కొంత దాని కడుపులోంచి వచ్చిందే. అలలు విరగ్గొట్టిన పగడపు ముక్కలు, ఆ ఇసుక, గవ్వలు కలిసి పాత పగడపు తిన్నె మీద పోగుపడితే అది దీవి. మన్నార్ దీవులన్నీ ఇలా పోగుపడినవే. కొండరాయి ఒక్కటి కూడా లేదు.

పగడం ఒంట్లో కంటికి కనపడని పాచి ఉంటుంది. పగలంతా ఎండతో తిండి తయారుచేసి పగడానికి పెట్టేది అదే, ఆ రంగు కూడా దానిదే. నీరు మామూలుకంటే కొంచెం ఎక్కువ రోజులు వేడెక్కితే పగడం ఆ పాచిని బయటికి తోసేస్తుంది, తెల్లబడిపోతుంది, తేరుకోకపోతే చచ్చిపోతుంది. 1998లో, 2010లో, 2016లో ఇక్కడ అదే జరిగింది. లోతు లేని నీళ్లు త్వరగా వేడెక్కుతాయి. ఏ పల్చదనం వెలుతురును అడుగు దాకా తెచ్చి 117 రకాల పగడాలను పెంచిందో, ఆ పల్చదనమే వాటి ప్రాణం మీదికి తెస్తోంది.

అన్న ఒకచోట గడతో చూపించాడు. కొమ్మల పగడం మొత్తం బూడిద రంగులో, నాచు పట్టి, విరిగి పడి ఉంది. చితి ఆరిపోయాక మిగిలిన పుల్లల్లా ఉంది. దాని మధ్యలో చిటికెన వేలి గోరంత కొత్త పగడం, నీలం కొసతో. "పిళ్లై" అన్నాడు అన్న. పిల్ల. నేను మళ్లీ చూపించమంటే, నీరు నెమ్మదించేదాకా పడవను అదే చోట గడతో ఆపి పట్టుకున్నాడు.

పార్కు హద్దును అతని ద్వారానే సరిగ్గా అర్థం చేసుకున్నాను. కంచె, రాళ్లు లేవు. దీవికి ఒడ్డు వైపు మూడున్నర బారల లోతు దాకా, బయటి సముద్రం వైపు అయిదు బారల దాకా పార్కు. అంటే లోతే గట్టు. ఇంత సహజమైన సరిహద్దు ఇంకెక్కడైనా ఉందేమో గానీ నేను చదవలేదు.

తిరుగుదారిలో వాలిమునై, ఆనైపార్ కనిపించాయి. దూరంగా తూర్పున అప్పా దీవి. పూవరసన్‌పట్టి ఎక్కడ అని అడిగితే అన్న తల అడ్డంగా ఊపాడు. పూవరసన్ అంటే గంగరావి చెట్టు. చెట్టూ లేదు, దీవీ లేదు, మునిగిపోయింది.

ఆరో రోజు: కోస్తా దారి

కీళక్కరైలో పాత మసీదు రాతి స్తంభాలు చూసి, సాయల్‌కుడి మీదుగా తూత్తుకుడి బస్సెక్కాం. తాటితోపులు, సర్కారు తుమ్మ, మధ్యలో ఊళ్లు. వేంబార్ దగ్గర సముద్రం కాసేపు కనిపించింది. ఇక్కడి మూడు దీవుల్లో ఒకదాని పేరు నల్లతణ్ణి, ఇంకోదాని పేరు ఉప్పుతణ్ణి. అంటే మంచినీళ్ల దీవి, ఉప్పునీళ్ల దీవి. ధనుష్కోడి అమ్మ తవ్విన గుంట గుర్తొచ్చింది. ఏ దీవి ఇసుక కింద తాగే నీళ్లున్నాయో దారిన పోయే పడవవాళ్లకు పేరులోనే చెప్పేశారు. ఇవి రెండూ బస్సులోంచి కనపడలేదు, టిక్కు పెట్టలేదు.

తూత్తుకుడి దగ్గరపడేసరికి రెండు పక్కలా ఉప్పుమడులు. తెల్లటి కుప్పల మీద సాయంత్రపు ఎండ పడి కళ్లు చెదిరాయి.

ఏడో రోజు: తూత్తుకుడి

ముత్యాల గురించి రాయకుండా ఈ సముద్రం గురించి రాయలేం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ముత్యాలు దొరికే చోట్ల జాబితాలో తామ్రపర్ణిక, పాండ్యకవాటక అనే పేర్లున్నాయి. తామ్రపర్ణి నది కలిసేది ఈ సింధుశాఖలోనే. దాని ముఖద్వారం దగ్గరి కొర్కై పాండ్యుల రేవు. ఇప్పుడు సముద్రం అక్కడి నుంచి కొన్ని కిలోమీటర్లు వెనక్కి పోయింది, కొర్కై అరటితోటల మధ్య పల్లెటూరు. ముత్యపు చిప్పలు బతికే రాతి తిన్నెలను ఇక్కడ "పార్" అంటారు. తాడుకు రాయి కట్టుకుని మనిషి ఒక్క ఊపిరితో దిగగలిగే లోతులో ఉన్నాయి కాబట్టే రెండు వేల ఏళ్లు ఆ వ్యాపారం సాగింది. ఇక్కడ చివరి ముత్యాల వేట 1961లో జరిగింది. శంఖాల వేట మాత్రం ఇంకా ఉంది. బెంగాలీ పెళ్లికూతురి చేతికి వేసే తెల్ల గాజు చాలాకాలం ఈ అడుగు నుంచే వెళ్లింది.

పొద్దున తీరంలో వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాం. డెబ్బై దాటి ఉంటాయి. "వాన్ దీవి ఏది అయ్యా?" అని అడిగితే హార్బరు వైపు వేలు చూపించాడు. నీళ్ల మీద సన్నటి ఇసుక గీత. 1986లో 16 హెక్టార్లున్న ఆ దీవి ముప్పై ఏళ్లు తిరక్కముందే దాదాపు రెండు హెక్టార్లకు కరిగిపోయింది. 2015లో మొదలుపెట్టి దాని ముందు చిల్లులున్న కాంక్రీటు దిమ్మెలు నీళ్లలో దించారు. అల బలం అక్కడే తగ్గి, ఇసుక నిలబడుతోంది, ఆ చిల్లుల్లో చేపలు కూడా చేరాయి. పగడపు గోడ చేసే పని కాంక్రీటు చేస్తోంది.

మరి ఆ గోడ ఏమైంది? పెద్దాయనే చెప్పాడు.

"మేమే తవ్వాం. నాకు పన్నెండేళ్లప్పుడు మా నాన్నతో వెళ్లేవాణ్ణి. గునపంతో పెకలించి పడవ నిండా వేసుకుని వచ్చేవాళ్లం. పచ్చిరాయి బరువు, ఒడ్డుకు వచ్చేసరికి పడవ అంచు దాకా నీళ్లు. సున్నం బట్టీలకు, ఫ్యాక్టరీలకు పోయేది. ఆ డబ్బుతోనే తిన్నాం. రాయి పోతే దీవి పోతుందని మాకెవరూ చెప్పలేదు."

పగడాలను 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో చేర్చారు. 2004 సునామీ తర్వాత, పగడం అడ్డున్న చోట ఊళ్లకు మేలు జరిగిందని జనం నోట వినబడ్డాక తవ్వకాలు ఇంచుమించు ఆగిపోయాయి. అప్పటికి విలాంగుసల్లి దీవి మునిగిపోయింది. పెద్దాయన చిన్నప్పుడు దాని మీద వల ఆరేసుకుని, చేప కాల్చుకుని తిని, రాత్రి పడుకుని లేచి వచ్చేవారట. ఎంత పెద్దదని అడిగితే, మేం కూర్చున్న చోటు నుంచి చర్చి గోపురం దాకా చెయ్యి తిప్పి చూపించాడు.

నోటు పుస్తకం తీసి మావాడి చేత పేర్లు చదివించాను. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. రెండు మూడు పేర్లు నేను తప్పు రాసుకున్నాను, దిద్దించాడు. కారియాసల్లి దగ్గర "అదీ చిక్కిపోతోంది" అన్నాడు. వాన్ పక్కన టిక్కు పెట్టాను. విలాంగుసల్లి దగ్గరికి వచ్చేసరికి, లేనిది కదా అని, గీత కొట్టెయ్యబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మావాడు తెలుగులో చెప్పాడు. "కొట్టెయ్యొద్దంటున్నాడు మావయ్యా. ఇప్పటికీ వీళ్లు విలాంగుసల్లికి తూర్పున అనే చెప్పుకుని వల వేస్తారట."